ఇంటి అల్లుడికి తెల్లపావులు

లెక్కలు చెప్పుకునే మనిషిని ఎవరూ పెళ్ళికి పిలవరు, తగాదాకే పిలుస్తారు. తెనాలి దగ్గర కాలేజీలో ఇరవయ్యేళ్ళుగా గణాంకశాస్త్రం చెబుతున్నాను కాబట్టి ఇది నా సొంత అనుభవం. దిగుబడి తేడాలు, తూకం తేడాలు, ఓట్ల తేడాలు అన్నీ మా ఇంటి అరుగెక్కాయి. కానీ రెండు పుస్తకాలు చదరంగం ఆడుకున్నాయి, వాటిలో ఏది గట్టిదో తేల్చాలి రండి అని పిలుపు రావడం 1968 వేసవిలోనే మొదలు.

ఉత్తరం గరివిడి నుంచి వచ్చింది. రాసినాయన అప్పలనాయుడు, అక్కడ మాంగనీసు రాయి కరిగించే కార్ఖానాలో కొలిమి మేస్త్రీ. అదే కార్ఖానాలో చేరిన నా పాత శిష్యుడొకడు నా పేరు చెప్పాడట. "మా బావ ఒక పుస్తకం రాసినాడు, నేనొకటి రాసినాను. రెండూ చదరంగం ఆడే పుస్తకాలు. ఇరవై ఆటలు ఆడించితిమి. నాది పద్నాలుగు గెలిచింది, బావది ఆరు. దీన్నిబట్టి నాదే గట్టిదని తమరు రాసి ఇవ్వగలరా? ఇవ్వలేకపోతే మరీ సంతోషం" అని ఉంది. ఆ ఆఖరి వాక్యం నాకు బోధపడలేదు. పంతులుగారికి తెలుగు వాక్యం బోధపడకపోతే ఎంత చిన్నతనం! అది తేల్చుకోవడానికైనా వెళ్ళాలనిపించింది.

"మండుటెండల్లో పుస్తకాల కోడిపందేనికి పోతారా?" అంది మా ఆవిడ. పోయాను. పోయి వచ్చి ఇది రాస్తున్నాను, మీలో ఆ వైపు వెళ్ళనివాళ్ళ కోసం. ముందే చెప్పేస్తున్నాను, వెళ్ళినప్పుడున్న పొగరు వచ్చేటప్పుడు నా దగ్గర లేదు.

విజయనగరం

మెయిలు విజయనగరం చేరేసరికి బాగా తెల్లారింది. తీర్పు మాత్రం దారిలోనే అయిపోయింది. రెండు పుస్తకాలూ సమానమే అనుకుందాం. అప్పుడు ప్రతి ఆటా రూపాయి బిళ్ళ ఎగరేసినట్టే. బొమ్మ పడితే ఒకరిది, బొరుసు పడితే ఇంకొకరిది. ఇరవైసార్లు ఎగరేస్తే పద్నాలుగో, అంతకన్నా ఎక్కువో బొమ్మలు పడే అవకాశం ఎంత? రైల్వే టైంటేబిలు అట్ట మీద పెన్సిలుతో వేశాను. వందకు ఆరుకన్నా కొంచెం తక్కువ వచ్చింది. అంటే ఉత్త అదృష్టమని కొట్టిపారెయ్యలేం, ఒట్టేసి చెప్పనూ లేం, మొగ్గు మాత్రం నాయుడి వైపే. అట్ట చింపి జేబులో పెట్టుకున్నాను. ఇక ఊళ్ళు చూసి రావడమే మిగిలింది అనుకున్నాను.

స్టేషను ఎదుటి హోటల్లో ఇడ్లీ తిన్నాను. నాది గుంటూరు సీమ నాలుక. ఇక్కడి సాంబారు నోట పెట్టుకోగానే పాయసం గిన్నె ఇటొచ్చిందేమో అనిపించింది. కారం లేదా అని అడిగితే సర్వరు జాలిపడ్డాడు. "మీది గుంటూరు గావాల! పాపం, సిన్నప్పట్నించీ అలగే తింతన్నారా?" అన్నాడు. కాఫీ మాత్రం మావైపుకన్నా చిక్కన, ధర మావైపుకన్నా తక్కువ. రెండోది అడిగి తాగాను.

కోట చుట్టూ తిప్పి మళ్ళీ స్టేషనుకు చేర్చడానికి ముప్పావలా అడిగాడు జట్కా తాత. కోట గోడల వెంబడి నడుస్తుంటే గుర్రం మహా ఠీవిగా ఉంది. "పందేల్లో గెలిచిందా ఎప్పుడైనా?" అన్నాను ఊసుపోక. తాత వెనక్కి తిరక్కుండానే, "గెలిసినాది గెలిసినాది అంటారు గానీ బాబూ, ఎవుల్తో పరిగెట్టినాదో ఎవులూ అడగరు. మా బావ కుంటిగుర్రంతో పదిసార్లు పరిగెట్టినాది. పదిసార్లూ ఇదే గెలిసినాది" అన్నాడు. నేను నవ్వి ఊరుకున్నాను. నా ముందుకు వచ్చిన తెలివిని నేను మర్యాదగా పక్కకు జరిపెయ్యడం ఈ ప్రయాణంలో అది మొదటిసారి, ఆఖరుసారి కాదు.

గరివిడి

గరివిడిలో దిగేసరికి చెట్ల ఆకులు కూడా బూడిద రంగు. అప్పలనాయుడు స్టేషనుకు వచ్చాడు. యాభై దాటిన మనిషి, చేతుల మీద నిప్పురవ్వలు పడ్డ మచ్చలు, మాట మాత్రం మెత్తన. తిన్నగా కార్ఖానాకే తీసుకుపోయాడు. కొలిమి తూము తెరిచే వేళకు నన్ను నలభై అడుగుల దూరంలో నిలబెట్టాడు. ఒక మనిషి పొడుగాటి గడకర్రతో మట్టి బిరడా పొడిచాడు. అంతే, రాయి నీళ్ళయి పారింది! అమ్మ బాబోయ్, అంత వెలుగు నేను చూడలేదు. కళ్ళు మూసుకున్నా రెప్పల్లోంచి ఎర్రగా కనబడుతూనే ఉంది. రాతిని నీళ్ళలా పోసేవాళ్ళకి నేను పెన్సిలు లెక్క చెప్పడానికి వచ్చానా అని మొదటిసారి సిగ్గేసింది.

"ఇందులోనే బాబూ," అన్నాడు నాయుడు కొలిమి వైపు చూపిస్తూ. "ఓడిపోయిన పుస్తకం ఇందులోనే ఎయ్యాల."

వాళ్ళింట్లో అన్నం తింటూ మొత్తం కథ విన్నాను. నాయుడి చెల్లెలు పైడమ్మ. ఆమె భర్త సత్యం మాష్టారు, ఎచ్చెర్లలో బడిపంతులు. బావాబావమరుదులిద్దరికీ చదరంగం పిచ్చి. చాలా ఏళ్ళ కిందట, పైదేశాల్లో యంత్రాలు చదరంగం ఆడుతున్నాయని పేపర్లో పడిందట. "యంత్రం మనకి లేకపోతే లేకపోనీ. యంత్రానికి సెప్పీ మాటలు మనం రాసుకోలేమేటి?" అన్నాడట మాష్టారు. ఇద్దరూ చెరో పుస్తకం మొదలుపెట్టారు. పుస్తకమంటే వరస ప్రశ్నలు. రాజుకు దెబ్బ తగులుతోందా? తగిలితే నాలుగో పుట తియ్యి. లేదా, కింది ప్రశ్నకు పో. కాపలా లేని ఎదుటి పావు చేతికందుతోందా? అందితే కొట్టు. లేదా, కిందికి పో. రెండు ఎత్తులు సమానంగా కనబడితే ఎడమచేతి వైపుది వెయ్యి. ఇలా రెండొందల పైచిలుకు ప్రశ్నలు. చదివేవాళ్ళకు పావులు ఎలా నడుస్తాయో తెలిస్తే చాలు, ఆట తెలియకూడదు. తెలిస్తే తమ తెలివి కలిపేస్తారు. ఆడాల్సింది పుస్తకం, మనిషి కాదు.

అందుకని మాష్టారు తన పుస్తకం చదవడానికి పెళ్ళాన్ని పెట్టుకున్నాడు. పెళ్ళయ్యాక ఆమెకు అక్షరాలు దిద్దించింది ఆయనే. నాయుడి పుస్తకం చదవడానికి మాష్టారి పక్కింటి రూతమ్మ ఒప్పుకుంది. మిషన్ ఆస్పత్రిలో నర్సు పని చేసి మానుకున్నావిడ, చదరంగం అంటే ఏమిటో ఎరగదు.

"మీ బావగారిని ఎప్పుడు కలుస్తాం?" అన్నాను నేను.

నాయుడి చెయ్యి కంచంలోనే ఆగింది. "బావ పోయి రెండేళ్ళయినాది బాబూ. కామెర్లు. పోయీ ముందు నా సెయ్యి పట్టుకుని మాట తీసుకున్నాడు. ఇరవై ఆటలు ఆడించు, ఓడిందాన్ని కొలిమిలో ఎయ్యి, సగం తెలివి లోకంలో ఉండకూడదు అన్నాడు. పౌరుషం మనిషి. పక్కన మా పైడి ఉన్నాది. అదీ ఇన్నాది. ఆదివారానికో ఆట సొప్పున ఇరవై ఆడించినాం. ఇప్పుడు నాను వద్దన్నా అది ఒప్పదు. ఆయన మాట ఆయనకి దక్కాల అంటాది."

ఉత్తరంలోని ఆఖరి వాక్యం నాకు అప్పుడు బోధపడింది. ఈయన తన పుస్తకం గెలవకూడదని కోరుకుంటున్నాడు. జేబులో నా అట్టముక్క ఉంది, వందకు ఆరు. అది బయటికి తీస్తే ఒక మనిషి పదేళ్ళు కూర్చుని రాసుకున్నది కరిగిన రాతిలో పడుతుంది.

నాయుడు జనపతాడుతో కట్టిన కట్ట తెచ్చి నా ముందు పెట్టాడు. ఇరవై ఆటల ఎత్తులూ ఇరవై కాగితాల మీద రాసినవట. "సూడండి బాబూ" అన్నాడు. "ఎందుకండీ, మొత్తాలు తెలిశాక కాగితాలతో పనేముంది?" అని కట్ట అలాగే సంచిలో పడేశాను. నాయుడి చూపు ఆ సంచి మీదే ఉండిపోయింది.

నాగావళి వంతెన

మర్నాడు ఆదివారం. నాయుడూ నేనూ పొద్దున్నే రైల్లో శ్రీకాకుళం రోడ్డు స్టేషనుకు, అక్కణ్ణుంచి బస్సులో శ్రీకాకుళానికి వెళ్ళాం. ఊళ్ళో తాటిముంజలు పావలాకు పన్నెండు! మావైపు ఆరిస్తే ధర్మాత్ముడంటాం. ఆశపడి అన్నీ నేనే తిన్నాను. ఒక ముంజ నీళ్ళు చొక్కా మీద చిమ్మి, మామిడి జీడి మరకలా తయారైంది. ఆ చొక్కాతోనే ఎచ్చెర్ల బస్సెక్కాను.

ఆ ఏడు ఏజెన్సీ కొండల వైపు గొడవలు నడుస్తున్నాయి. రోడ్ల మీద బస్సులు ఆపి సంచులు చూస్తున్నారు. నాగావళి వంతెన దగ్గర మా బస్సూ ఆగింది. నా సంచిలోంచి కట్ట బయటపడింది. మరక చొక్కా, కొత్త మొహం, పైగా కాగితాల నిండా "గు 2-6, బం 5-4, ఏ 1-3". దించక ఏం చేస్తారు?

కళ్ళజోడుకు నూలుతాడు కట్టుకున్న హెడ్డు కానిస్టేబులు మర్యాదగానే అడిగాడు. "ఇదేటి బాబూ, ఎవులికి పంపీ కబురు?"

"చదరంగం. గు అంటే గుర్రం, బం అంటే బంటు" అన్నాను. ఎందుకో ఆ మాట నాకే అబద్ధంలా వినిపించింది. నాయుడు నా పక్కనే ఉన్నాడు, ఒక్క మాట సాయం రాలేదు. అవతల నదిలోకి చూస్తున్నాడు.

హెడ్డు కాగితాలన్నీ బస్సు మెట్ల మీద పరిచి, ఎగిరిపోకుండా గులకరాళ్ళు పెట్టాడు. వేలితో ఒక్కొక్క వరసా పోల్చుకుంటూ వచ్చాడు. బస్సులో జనం "ఏటయినాదండీ" అని కిటికీల్లోంచి వంగారు. డ్రైవరు బీడీ ముట్టించాడు. కాసేపటికి హెడ్డు తలెత్తాడు.

"సదరంగమే అయితే, ఒకే ఆట ఇన్నిసార్లు ఎందుకు రాసినారు?"

"ఒకే ఆట కాదండీ, ఇరవై ఆటలు."

"ఏటి ఇరవై? ఇలగ సూడండి. ఈ పద్నాలుగూ అచ్చం ఒకటే. ఈ ఆరూ అచ్చం ఒకటే. రెండు కుప్పలూ పంతొమ్మిదో వరస దాకా ఒకటే, ఆ కాడ సీలిపోనాయి. మీకు కనపళ్ళేదా? నాకు ఆట రాదు బాబూ. దొంగసంతకాలు సూసి సూసి కళ్ళు ఇలగ అయిపోనాయి."

నేను మెట్ల ముందు గొంతుక్కూర్చుండిపోయాను. చూశాను. మళ్ళీ చూశాను. ఒళ్ళు జలదరించింది. కొలిమి ముందు నిలబడ్డప్పుడు కూడా అంత జలదరింపు లేదు. ఓరి నా తెలివి తెల్లారినట్టే ఉంది! రూపాయి బిళ్ళకు జ్ఞాపకం లేదు, మాట లేదు, అందుకే ఎగరేసిన ప్రతిసారీ కొత్తగా పడుతుంది. పుస్తకం అలా కాదు. అదే అడిగితే అదే చెబుతుంది. ఈ పుస్తకాలు రెండూ ఒకదానికొకటి మొదటి ఆటలో ఏం చెప్పుకున్నాయో, రెండో ఆటలోనూ మూడో ఆటలోనూ అక్షరం పొల్లుపోకుండా అదే చెప్పుకున్నాయి. పద్నాలుగు ఓటములు కావు, ఒక్క ఓటమి పద్నాలుగుసార్లు జరిగింది. జేబులోంచి అట్టముక్క తీసి నాగావళిలో పడేశాను. అదేమిటని హెడ్డు దానికి కూడా కంగారుపడ్డాడు.

కాగితాలు వరస తప్పకుండా కట్టి ఇచ్చి, "కాయితాలు సదవకుండా సంచిలో ఎట్టుకోకండి బాబూ" అన్నాడాయన. నాకు గురూపదేశమంటే అదే.

ఎచ్చెర్ల

బస్సు దిగి జీడిమామిడి తోటల పక్కన నడుస్తూ నాయుణ్ణి అడిగాను. "మీకు తెలుసు కదూ?"

"రెండో వారమే తెలిసిపోనాది."

"తెల్లపావులు, నల్లపావులు ఒకరి తర్వాత ఒకరు మార్చుకుంటే ఇంకో ఆటైనా పుట్టేది కదండీ. ఎప్పుడూ మీ బావ పుస్తకానికే తెల్లపావులు ఎందుకిచ్చారు?"

నాయుడు ఆగిపోయి నా మొహం చూశాడు, నేను అడగకూడని మాట అడిగినట్టు. "ఇంటి అల్లుడు కదా బాబూ! మా ఇంట్లో అల్లుడికి ముందు వడ్డించకుండా నాను ఎప్పుడైనా ముద్ద ఎత్తినానా? మనిషి పోతే మర్యాద పోతాదేటి?"

నవ్వొచ్చింది, కళ్ళల్లో నీళ్ళూ వచ్చాయి. ఈ ఒక్క తప్పు ఇంకే దేశంలోనూ ఎవరూ చెయ్యరు. చచ్చిపోయిన బావకు అల్లుడి మర్యాద తప్పకుండా జరిపి, ఆ మర్యాదతోనే ఆయన్ను వారం వారం ఒకేలా ఓడించారు.

"మరి ఆ ఆఖరి ఆరు?" అన్నాను.

"పదిహేనో వారం మా పైడి పుస్తకం ఇనలేదు. నా కళ్ళ ముందే. నాను సూడనట్టు రాసుకున్నాను." కాసేపు నడిచాక అన్నాడు, "ఆ సంగతి తమరు దాన్ని అడక్కండి బాబూ. ఏడుస్తాది."

అడక్కుండా తీర్పు ఎలా చెప్పాలో నాకు తోచలేదు. కాళ్ళు మాత్రం ఇల్లు చేరాయి.

పైడమ్మ గారు ముందు మమ్మల్ని భోజనానికి కూర్చోబెట్టారు. యాభై దగ్గరపడ్డ మనిషి, తెల్ల నేతచీర, నిటారు నడక. చల్లటి చోడి అంబలి గ్లాసుతో ఇచ్చారు. మావైపు దాన్ని రాగి జావ అంటాం, జ్వరం వస్తేగాని ముట్టుకోం. ఎండలో నడిచొచ్చి అది తాగితే ప్రాణం లేచొచ్చింది, ఇంకో గ్లాసు అడిగాను. ఆవపెట్టిన పనసపొట్టు కూర, నంజుకోవడానికి ఉల్లిపాయ. కూరలో కారం లేదు, ఆ సంగతి నాకు సగం భోజనం అయ్యాకగాని గుర్తు రాలేదు. ప్రార్థన ముగించుకుని రూతమ్మ గారు కూడా వచ్చారు, చేతిలో ఒక పక్క బైబిలు, ఒక పక్క నాయుడి చదరంగం పుస్తకం. నాలుగు గంటలకు తిరుగు బస్సుందని, ఆలోగా తేల్చేస్తానని గొప్పగా చెప్పాను.

కంచాలు తీశాక పైడమ్మ గారు లోపల్నించి తువ్వాలులో చుట్టిన పుస్తకం తెచ్చారు. నా చేతికివ్వలేదు, నాయుడి ముందు పెట్టారు.

"అన్నియ్యా, తీసుకుపో. బాబు ఏటీ సెప్పక్కర్లేదు. నాను దొంగాట ఆడినాను."

నాయుడు పుస్తకం ముట్టుకోలేదు. ఎక్కడ, ఎలా అని నేనే అడిగాను. అడగవద్దన్న మాట తనంతట తనే బయటపడింది కదా.

"ఒక సోట గుర్రానికి కాపలా లేని బంటు అందుతాది బాబూ. కొట్టు అంటాది పుస్తకం. కొడితే మూడెత్తుల్లో గుర్రం సచ్చిపోతాది, దానెనకే మంత్రి, ఆనక రాజు. మొదట నాకు తెల్దు. ఎనిమిదో వారానికి తెలిసిపోనాది. ఓలమ్మో, మళ్ళీ అక్కడికే పంపుతున్నాడురా అని మనసు ఒప్పీది కాదు. అయినా ఆయన రాసినాది కదా అని పంపీదాన్ని. పద్నాలుగు వారాలు ఇన్నాను. పదిహేనో వారం ఆ పెశ్న కాడ వేలు ఎత్తీసి కింద పెశ్నకి పోనాను. అంతే. మిగతాదంతా పుస్తకం సెప్పిందే." చీర చెంగుతో మొహం తుడుచుకున్నారు. "ఊరికే వస్తే ఆయన వదిలీవోరు కాదు. సంతలో కొసరు కూడా వదిలీవోరు కాదు. బతికున్నప్పుడూ నా మాట ఇనలేదు. అందుకని నాను ఒక్కసారి ఆయన మాట ఇనలేదు. తప్పే. తీసుకుపో అన్నియ్యా."

రూతమ్మ గారు నోరు తెరుచుకుని విన్నారు. "నాకేటి తెలుసు తల్లీ! వారం వారం ఒకే కీర్తన పాడతన్నట్టు ఉండీది. ప్రభువు కాడ కూడా ఒకే కీర్తన పాడతాం కదా అని ఊరుకున్నాను."

నాకు ఆ క్షణం పైడమ్మ గారి ముందు సాష్టాంగపడాలనిపించింది. ఆట తెలియకూడదని ఏరి కూర్చోబెట్టిన మనిషి, ఎవరూ నేర్పకుండా, చనిపోయిన భర్త ప్రశ్నలు వేలితో చదువుకుంటూ చదువుకుంటూ, ఆ పుస్తకాన్ని తొలిచే పురుగును పట్టుకుంది. మాష్టారికి పదేళ్ళలో కనబడనిది. నేను డిగ్రీలు పెట్టుకుని కట్ట విప్పనిది. ఆ మాట పైకే అన్నాను. ఆమె వినిపించుకోలేదు. ఆమెకు కావలసింది పొగడ్త కాదు, తీర్పు.

"ఓడిపోనాదా లేదా? అది సెప్పండి బాబూ."

కాగితాలు రెండు కుప్పలుగా పెట్టాను, హెడ్డు కానిస్టేబులు పెట్టినట్టే. "అమ్మా, ఈ ఆరూ పుస్తకం ఆడినవి కావు, కాబట్టి పక్కకు తీసేస్తున్నాను. అవి మీవి. ఈ పద్నాలుగూ పుస్తకం ఆడినవే. కానీ ఇవి పద్నాలుగు ఆటలు కావు. ఒకే ఆట. పుస్తకం అదే అడిగితే అదే చెబుతుంది కనుక ఎన్నిసార్లు ఆడించినా అదే జరుగుతుంది, నూరుసార్లు ఆడించినా ఒక్క ఆటకిందే లెక్క. మీ ఆయన పుస్తకం ఇంతవరకు ఒకే ఒక్క ఆట ఓడింది. ఒక్క ఆటతో ఏ పుస్తకం గట్టిదో చెప్పగలనని ఎవడైనా అంటే వాడు నాలాంటి మూర్ఖుడు."

"ఒక్క ఆటేనా?"

"ఒక్కటే."

ఆమె కాగితాల కుప్ప మీద చెయ్యి వేశారు. తర్వాత మెల్లగా, "పద్నాలుగు ఆదివారాలు ఏడిసినాను బాబూ. ఒక్కసారి ఓడినోడికి పద్నాలుగుసార్లు ఏడిసినానన్నమాట" అన్నారు. అని నవ్వారు. ఆ నవ్వు చూసి నాయుడు భోరున ఏడ్చేశాడు. నిప్పురవ్వల మచ్చలున్న ఆ రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చాడు.

"ఒరే అన్నియ్యా, ఊరుకోరా," అన్నారామె. "నువ్వు ఇరవై ఆటలని మాటిచ్చినావు. ఇరవై అవలేదట. ఒక్కటే అయినాదట. ఇంకా పంతొమ్మిదున్నాయి. మరి ఇప్పుడు ఎలగ ఆడాల బాబూ?"

ఇన్నేళ్ళలో నా విద్య ఎవరికైనా అవసరపడిందంటే అది ఆ మధ్యాహ్నమే. ప్రతి ఆటకూ మొదలు మారాలన్నాను. మొదటి మూడేసి ఎత్తులు పుస్తకాలు చెప్పకూడదు, గవ్వలు వేసి తేల్చాలి. ఎన్ని గవ్వలు వెల్లకిలా పడితే ఏ పావు కదలాలో ఒక పట్టీ రాసిచ్చాను. అక్కణ్ణుంచి పుస్తకాలు అందుకోవాలి. అప్పుడు ఏ రెండు ఆటలూ ఒకలా ఉండవు. ఒక ఆటకు ఒకరు తెల్లపావులు, ఇంకో ఆటకు ఇంకొకరు.

"బావకి నల్లపావులా!" నాయుడు కళ్ళు తుడుచుకుంటూనే లేచాడు. "మా అమ్మ బతికుంటే నన్ను గుమ్మం తొక్కనిచ్చీదా?"

"ఒకసారికి ఏటీ అనుకోరులే," అన్నారు పైడమ్మ గారు. "కూకో."

చాప మీద బల్ల పరిచారు. ఒకవైపు రూతమ్మ గారు నాయుడి పుస్తకంతో, తెల్లపావులతో. ఇంకోవైపు పైడమ్మ గారు, తువ్వాలు విప్పిన పుస్తకంతో. గవ్వలు నేనే వేశాను. ఆ మూడేసి ఎత్తులూ అయ్యేసరికి బల్ల మీద ఎవరూ ఎన్నడూ చూడని పోకడ ఒకటి తయారైంది. రూతమ్మ గారు తన ప్రశ్నలు చదువుకుని ఒక బంటును జరిపారు.

పైడమ్మ గారు మొదటి ప్రశ్న మీద వేలు పెట్టారు. పెదవులు కదుపుతూ అక్షరం అక్షరం కూడబలుక్కున్నారు. లేదు. కిందికి. లేదు. కిందికి. పుట తిప్పారు. ఆ పుట అంచు కొత్తగా, తెల్లగా ఉంది. ఇరవై ఆదివారాల్లో ఆ పుట ఒక్కసారీ అవసరం పడలేదు. వేలు అక్కడ ఆగింది. ఆమె ఒకసారి చదివారు, మళ్ళీ చదివారు. ఆమె చెయ్యి ఒంటె మీదికి వెళ్ళి, దాన్ని బల్ల ఈ చివరనుంచి ఆ చివరకు వాలుగా తీసుకుపోయి పెట్టింది.

"ఈ ఎత్తు ఎప్పుడూ ఎయ్యలేదు," అన్నాడు నాయుడు గుసగుసగా. "బతికున్నప్పుడు నాతో కూడా ఎప్పుడూ ఎయ్యలేదు."

రెండేళ్ళ కిందట పోయిన మనిషి ఇప్పుడే ఒక కొత్త ఎత్తు వేశాడు. మా నలుగురికీ అది ఒకేసారి తట్టింది. రూతమ్మ గారు శిలువ గుర్తు వేసుకోబోయి, తమ సంఘంలో ఆ అలవాటు లేదని గుర్తొచ్చి చెయ్యి దించేశారు. నాకు ఆట రానివాడిలా ఆత్రమొచ్చింది. దూరంగా రోడ్డు మీద బస్సు హారను వినబడింది. నాలుగైంది కాబోలు. సంచి అందుకుంటూ, "అమ్మా, ఎవరిది పైచెయ్యిగా ఉంది?" అని అడిగాను.

పైడమ్మ గారు పుస్తకం మీంచి తల ఎత్తలేదు. ఎడమచెయ్యి మాత్రం ఎత్తి నన్ను ఆపారు.

"ఉండండి బాబూ. ఆయన మాటాడతన్నారు."

సంచి కింద పెట్టి కూర్చున్నాను. బస్సు వెళ్ళిపోయింది.